‘సబ్సిడీ పోయింది’ అన్న ఒక్క మాటకు మా తమ్ముడి జీతం ఏమవుతుంది?

మిర్యాల_మరబియ్యం
1 జూన్ 2023

మా తమ్ముడు నైజీరియాలో, లేగోస్‌లో ఒక ప్లాస్టిక్ సామాన్ల ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్. వెళ్ళి నాలుగేళ్ళయింది. మొన్న సోమవారం అక్కడ కొత్త అధ్యక్షుడు బోలా టినుబు ప్రమాణ స్వీకారం చేశాడు. క్వార్టర్లలో అందరూ టీవీ ముందు కూర్చుని ఆయన ఉపన్యాసం వింటున్నారట. మధ్యలో ఒక చోట ‘పెట్రోలు సబ్సిడీ పోయింది’ అన్నాడట. అంతే, కంపెనీ డ్రైవరు మిగతా ఉపన్యాసం వినలేదు. గోడ పక్కనున్న పసుపు రంగు డబ్బాలు రెండు పట్టుకుని బయటికి పరుగు. మావాడు ఎక్కడికని అడిగితే ‘నువ్వూ ఒక డబ్బా తీసుకో’ అన్నాడట.

రాత్రి పదకొండింటికి బంకు ముందు వరుసలోంచే మావాడు వీడియో కాల్ చేశాడు. చీకట్లో ఎటు చూసినా పసుపు డబ్బాలే. మొన్నటిదాకా లీటరు 185 నైరాలకు కాస్త అటూ ఇటూ ఉండేది, నిన్నటి నుంచి లేగోస్‌లో 488. ఉత్తరాన మైదుగురిలో 557 అట.

ఇల్లు కట్టడానికి బ్యాంకులో అప్పు తీసుకున్నాం. నెలకు 18 వేల కిస్తీ వాడు పంపే డబ్బుతోనే కడుతున్నాం. వాడిని అక్కడే ఉండమనాలా, వచ్చేయమనాలా? తెలిసినవాళ్ళు చెప్పండి. రాజకీయం మాత్రం వద్దు.

చౌరస్తా_చాయ్
1 జూన్ 2023

అధ్యక్షుడి ఉపన్యాసం మీద చర్చ పెట్టి రాజకీయం వద్దంటున్నారు. ఒళ్ళు తడవకుండా ఈత నేర్పమన్నట్టుంది.

కోస్గి_బస్సు
1 జూన్ 2023

మన దగ్గర లీటరు 109 రూపాయలు. 488 నైరాలంటే మన డబ్బుల్లో ఎంత?

లెక్కల_సారు
1 జూన్ 2023

అక్కడ డాలరుకు రెండు ధరలున్నాయి. బ్యాంకు ధర 460 నైరాల చిల్లర, బజారు ధర 750 దరిదాపుల్లో. బజారు ధరన చూస్తే లీటరు 53, 54 రూపాయలు. బ్యాంకు ధరన 87.

కోస్గి_బస్సు
1 జూన్ 2023

అంటే మనకంటే సగం ధరకే పోయించుకుంటున్నారు. మరి వాళ్ళెందుకు ఏడుస్తున్నారు సారు? ఏడవాల్సింది మనం కదా!

లెక్కల_సారు
1 జూన్ 2023

ధరను ధరతో కాదు, కూలితో కొలవాలి. అక్కడ చట్టం ప్రకారం నెలకు కనీస జీతం 30 వేల నైరాలు. పోయిన వారం ఆ జీతంతో 162 లీటర్లు వచ్చేవి. ఈ వారం 61. ఇప్పుడు చెప్పండి, ఎవరు ఏడవాలో.

నైజీరియా ముడి చమురు అమ్ముకునే దేశం. కానీ పోర్ట్ హార్కోర్ట్, వార్రి, కడునా అనే ఊళ్ళలోని ప్రభుత్వ శుద్ధి కర్మాగారాలు ఏళ్ళ తరబడి మూలపడి ఉన్నాయి. అందుకని ముడి చమురును బయటికి అమ్మి, పెట్రోలును బయటి నుంచి కొంటారు. వడ్లు అమ్ముకున్న రైతు మళ్ళీ కిరాణా కొట్లో బియ్యం కొనుక్కున్నట్టు. మిర్యాలగూడవాళ్ళకు ఇంతకంటే విడమర్చి చెప్పనక్కరలేదు. అలా కొన్న పెట్రోలును నష్టానికి అమ్మి, ఆ తేడాను ఖజానా నుంచి కట్టడమే ఈ సబ్సిడీ. ఈ ఏడాది మొదటి ఆరు నెలలకే 3.36 లక్షల కోట్ల నైరాలు పెట్టారు. పోనీ అదంతా వాళ్ళ జనానికి చేరిందా అంటే అదీ లేదు. చవక పెట్రోలు ట్యాంకర్లకు ట్యాంకర్లు పక్కనున్న బెనిన్ దేశానికి దొంగతనంగా తరలిపోయేది.

ఇంకో సంగతి. దిగిపోయిన బుహారీ ప్రభుత్వం బడ్జెట్‌లో సబ్సిడీకి జూన్ వరకే డబ్బు పెట్టింది. అంటే టినుబు దాన్ని చంపలేదు. చనిపోయిందని చాటింపు వేశాడు, అదీ ఒక నెల ముందుగా.

డిండి_ట్రాక్టర్
1 జూన్ 2023

చాటింపు వేయడానికీ ఒక పద్ధతి ఉంటుంది సారు. 2013 జనవరి నుంచి మన దగ్గర డీజిలు నెలకు అర్ధ రూపాయి చొప్పున పెంచారు. అప్పటికి నా ట్రాక్టరు కొత్తది. అర్ధ రూపాయి పెరిగిందని దున్నకం కిరాయి పెంచుతానంటే రైతు ఒప్పుకోడు, పెంచకపోతే నాకు మిగలదు. ఏడాదిన్నరకు పైగా అలాగే నలిగాను. అయినా ఫలానా నెలకు ఇంత అవుతుందని ముందే తెలిసేది. ఇక్కడ సోమవారం 185, బుధవారం 488. ఆ దేశంలో నాలాంటివాడు మంగళవారం మాట్లాడుకున్న కిరాయికి గురువారం బండి తీయగలడా?

లెక్కల_సారు
2 జూన్ 2023

డిండి గారి మాట నిజమే. కాకపోతే 2014లో ప్రపంచ మార్కెట్లో ముడి చమురు ధర కుప్పకూలడం మన అదృష్టం. అందుకే ఆ అక్టోబరులో డీజిలు ధర మీద అదుపు ఎత్తేసినా ఎవరికీ పెద్దగా నొప్పి తెలియలేదు. మెల్లగా చేస్తే మధ్యలో ఆగిపోయే ప్రమాదం కూడా ఉంది. అక్కడే 2012 జనవరి 1న అప్పటి అధ్యక్షుడు జొనాథన్ సబ్సిడీ ఎత్తేస్తే లీటరు 65 నుంచి 141 అయింది. దేశమంతా సమ్మెకు దిగింది. రెండు వారాల్లో 97కు దించాడు. ఆనాడు దాన్ని గట్టిగా ఖండించిన ప్రతిపక్ష నాయకుల్లో టినుబు ఒకడు.

చౌరస్తా_చాయ్
2 జూన్ 2023

అత్త మీద కోపంతో కాపురానికి వచ్చి, తానే అత్తయిందన్నమాట.

గద్వాల_జరీ
2 జూన్ 2023

నాకు ఒకటి అర్థం కాలేదు. కార్లున్నవాళ్ళకు నష్టమంటే సరే. మీ తమ్ముడికి కారు లేదు, కంపెనీ డ్రైవరుకూ సొంత కారు ఉండదు. మరి ఇంటికి రెండు డబ్బాలు ఎందుకు?

మిర్యాల_మరబియ్యం
2 జూన్ 2023

కరెంటు కోసం అక్కా. అక్కడ రోజులో కరెంటు ఉండే గంటలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చట. క్షౌరశాల, కుట్టు మిషను, చల్లని నీళ్ళ దుకాణం, అన్నీ చిన్న పెట్రోలు జనరేటర్ల మీద నడుస్తాయి. మన పాత సూట్‌కేసు అంత ఉంటుందట, తాడు లాగితే స్టార్టవుతుంది. దాన్ని జనం ‘నా పొరుగువాడికంటే నేనే మేలు’ అని పిలుస్తారట. పక్కింట్లో చీకటి, మా ఇంట్లో ఒక బల్బు అని!

ఆ డ్రైవరు ఇంట్లో సాయంత్రం మూడు గంటలు నడిచేది. ఇప్పుడు పిల్లలు చదువుకునే గంట మాత్రమే నడుపుతున్నారట. తాడు లాగే పని వాళ్ళ పెద్ద పిల్లవాడిది. మొన్న అలవాటుగా ఆరింటికే లాగేస్తే తల్లి పరుగున వచ్చి ఆర్పేసిందట.

గద్వాల_జరీ
2 జూన్ 2023

ఇప్పుడు తెలిసింది. మా దగ్గర పట్టు నూలు ధర పెరిగితే ఆ పూటే తెలుస్తుంది. మగ్గం కూలి పెరగడానికి మాత్రం ఏడాది పడుతుంది. మధ్యలో ఆ ఏడాదంతా నేతగాడు ఏం తింటాడని ఏ ఉపన్యాసంలోనూ ఉండదు.

నల్లరేగడి
2 జూన్ 2023

ఉపన్యాసంలో ఇంకేం ఉన్నాయి? సబ్సిడీ ఒక్కటేనా?

లెక్కల_సారు
2 జూన్ 2023

చాలా ఉన్నాయి. ఆర్థిక వృద్ధి 6 శాతానికి తగ్గకుండా చూస్తానన్నాడు. విద్యుత్ ఉత్పత్తిని దాదాపు రెట్టింపు చేస్తానన్నాడు. డిజిటల్ రంగంలో 10 లక్షల ఉద్యోగాలన్నాడు. డాలరుకు రెండు ధరలు పోయి ఒకటే ధర ఉండాలన్నాడు. వడ్డీలు తగ్గాలన్నాడు, అంత వడ్డీ జనానికీ వ్యాపారానికీ చేటని. బుహారీ హయాంలో జరిగిన నోట్ల మార్పిడిని మరీ కఠినంగా అమలు చేశారని కూడా అన్నాడు.

కోస్గి_బస్సు
2 జూన్ 2023

వాళ్ళకూ నోట్ల రద్దు జరిగిందా?

లెక్కల_సారు
2 జూన్ 2023

ఈ ఏడాది మొదట్లోనే. 200, 500, 1000 నైరాల నోట్లు మార్చారు. కొత్త నోట్లు చాలినన్ని అచ్చు కాలేదు. ఎన్నికల వేళ బ్యాంకుల ముందు జనం కొట్టుకున్నారు. చివరికి మార్చి 3న అక్కడి సుప్రీం కోర్టు పాత నోట్లు డిసెంబరు ఆఖరు దాకా చెల్లుతాయని చెప్పింది.

కోస్గి_బస్సు
2 జూన్ 2023

2016లో మేం ముంబయిలో ఉన్నాం. నాన్న, నేను, మా మేనమామ. కోస్గి నుంచి బస్సెక్కి వెళ్ళి అప్పటికి నాలుగు నెలలు. నవంబరులో మేస్త్రీ మూడు వారాల కూలి మొత్తం పాత ఐదువందల నోట్లలో ఇచ్చాడు. తీసుకుంటే తీసుకో, లేకపోతే కొత్తవి వచ్చేదాకా ఆగు అన్నాడు. నాన్న వాటిని లుంగీ మడతలో పెట్టుకుని రెండు రోజులు బ్యాంకు ముందు నిలబడ్డాడు. ఆ రెండు రోజుల కూలి పోయింది. దాన్ని ఏ ఖాతాలో రాయాలి సారు?

నిర్వాహకుడు
2 జూన్ 2023

మన దేశపు నోట్ల రద్దు మీద ఇదివరకే 41 పుటల చర్చ ఉంది. దయచేసి అక్కడికి వెళ్ళండి. ఇక్కడ అసలు ప్రశ్న ఉండాలా, రావాలా అన్నది.

చౌరస్తా_చాయ్
2 జూన్ 2023

ఆ 41 పుటలూ నిర్వాహకుడే చదవలేదని పందెం.

లెక్కల_సారు
3 జూన్ 2023

అసలు ప్రశ్నకే వస్తాను. మిర్యాల గారూ, మీ తమ్ముడి ఒప్పందం కాగితంలో జీతం డాలర్లలో రాసి ఉందా, నైరాల్లోనా? పెట్రోలు సంగతి అటుంచండి, మీ ఇంటి కిస్తీ ఆ ఒక్క మాట మీద ఆధారపడి ఉంది.

జీతం డాలర్లలో రాసి, బ్యాంకు ధరన నైరాలిస్తున్నారనుకుందాం. 800 డాలర్లకు ఇప్పుడు 3 లక్షల 68 వేల నైరాలొస్తాయి. వాటితో బజారులో డాలర్లు కొంటే 490 వస్తాయి. రెండు ధరలు ఒకటైతే ఆ 800 డాలర్లూ ఇంటికి చేరతాయి. అప్పుడు మీవాడు టినుబు ఫోటోకు దండ వేయవచ్చు. జీతం నైరాల్లోనే రాసి ఉంటే మాత్రం ఆ దేశపు రూపాయి ఎటు జారితే మీరూ అటే జారతారు.

మిర్యాల_మరబియ్యం
4 జూన్ 2023

కాగితం ఫోటో తెప్పించుకున్నాను. నైరాల్లోనే ఉంది సారు. 3 లక్షల 60 వేలు. గదీ భోజనమూ కంపెనీవే. వెళ్ళేటప్పుడు ఏజెంటు ‘అన్నీ కలిపి వెయ్యి డాలర్లు’ అని నోటితో చెప్పాడు. అప్పట్లో డాలరుకు 360 ఉండేది, కాబట్టి నిజమే అనిపించింది.

డిండి_ట్రాక్టర్
4 జూన్ 2023

ఏజెంటు నోటిమాట, ఎండాకాలం మబ్బు.

లెక్కల_సారు
4 జూన్ 2023

అయితే ఇవాళ్టి లెక్క ఇది. 3,60,000ను 750తో భాగిస్తే 480 డాలర్లు, అంటే 39 వేల రూపాయల పైచిలుకు. కిస్తీకి ఢోకా లేదు. ఒప్పందం తిరగరాసే అవకాశముంటే డాలర్లలో రాయమని ఇప్పుడే అడగమనండి. మూడు నెలలాగితే అందరూ అదే అడుగుతారు, అప్పుడు ఎవరికీ ఇవ్వరు.

మిర్యాల_మరబియ్యం
17 జూన్ 2023

మీరన్నట్టే అయింది సారు. బుధవారం నాడు కేంద్ర బ్యాంకు నైరా ధర మీద అదుపు వదిలేసింది. బ్యాంకు ధర 470 నుంచి ఒక్కసారిగా ఆరువందలు దాటింది. అంతకు నాలుగైదు రోజుల ముందే కేంద్ర బ్యాంకు గవర్నరు ఎమెఫియెలేను సస్పెండు చేశారు. తమ్ముడు డాలర్ల సంగతి మేనేజరును అడిగాడట. ‘నువ్వు పదకొండోవాడివి’ అన్నాడట.

నల్లరేగడి
17 జూన్ 2023

పోనీలే, బజారు ధర ముందే 750 కదా. ఇప్పుడు బ్యాంకు ధర దాన్ని అందుకుంటుంది. మీవాడికి కొత్తగా పోయేదేముంది?

లెక్కల_సారు
17 జూన్ 2023

రెండూ 750 దగ్గర కలిసి ఆగితే ఏమీ పోదు. ఆగడానికి ఖజానాలో డాలర్లుండాలి. 1991 జూలై 1న, 3న మన రూపాయి విలువ రెండు విడతల్లో తగ్గించారు. అప్పుడు దేశానికి రెండు మూడు వారాల దిగుమతులకు సరిపడా డాలర్లే ఉన్నాయి, బంగారం కుదువపెట్టాల్సి వచ్చింది. అయినా రూపాయి ఒక చోట నిలదొక్కుకుంది. ఎందుకంటే ఆ వెనకే పరిశ్రమల లైసెన్సులు తీసేశారు, బయటి నుంచి అప్పు దొరికింది, ఎగుమతులు సాగాయి. అందులోనూ వెనక్కి తగ్గినవున్నాయి. ఆ బడ్జెట్‌లో ఎరువుల ధర 40 శాతం పెంచి, సొంత పార్టీ ఎంపీలే గోల చేస్తే 30కి దించారు. పి.వి. మౌనంగా పని చేయించుకున్న మనిషి. టినుబు చేసిన తప్పు నా దృష్టిలో సంస్కరణ కాదు, వరుస. జనానికి బస్సులు, బియ్యం, జీతం ఏర్పాటు చేసి ఆ తర్వాత కదా సబ్సిడీ ఎత్తేయాల్సింది.

డిండి_ట్రాక్టర్
17 జూన్ 2023

రెండు వారాలుగా నేను మొత్తుకుంటున్నదీ అదే. సారు చెబితే వరుస, నేను చెబితే గొణుగుడు.

చౌరస్తా_చాయ్
28 జూన్ 2023

కొత్త కబురు. పారిస్‌లో తమ దేశంవాళ్ళతో మాట్లాడుతూ, వేదిక ఎక్కేసరికి తనకు ధైర్యం ఆవహించిందని, అందుకే సబ్సిడీ పోయిందని అనేశానని టినుబు చెప్పుకున్నాడు. అంటే అది ఆర్థిక శాస్త్రం కాదు, పూనకం. మన దగ్గర బోనాలప్పుడు రంగం చెప్పే తల్లి కూడా పచ్చి కుండ మీద నిలబడి ‘వానలు పడతాయి’ అంటుంది కానీ ‘రేపటి నుంచి బావిలో నీళ్ళుండవు’ అనదు.

గద్వాల_జరీ
28 జూన్ 2023

దేవుడి విషయంలో హాస్యం వద్దు. మిగతాది నిజమే.

మిర్యాల_మరబియ్యం
29 ఆగస్టు 2023

మరో వంక నుంచి దెబ్బ. ఇది నాకు, తమ్ముడికి కాదు. నేను రైస్‌మిల్లులో గుమాస్తాను, పేరులోనే ఉంది. జూలై 20న కేంద్రం మామూలు తెల్ల బియ్యం ఎగుమతి ఆపేసింది. మొన్న 25న ఉప్పుడు బియ్యం మీద 20 శాతం సుంకం వేసింది. యాసంగి వడ్లను పచ్చిగా ఆడిస్తే సగం నూకలే వస్తాయి, అందుకని మా దగ్గర ఉడకబెట్టి ఆడిస్తారు. ఆ బియ్యం కాకినాడ రేవు నుంచి పశ్చిమ ఆఫ్రికాకు పోతుంది. బెనిన్‌లో కొటోనౌ రేవులో దిగిన బస్తాలు సరిహద్దు దాటి ఎక్కడికి పోతాయో సారుకు తెలుసు.

లెక్కల_సారు
29 ఆగస్టు 2023

నైజీరియాకే. సరిహద్దు మీదుగా బియ్యం తేవడం అక్కడి చట్టానికి విరుద్ధం, అయినా వస్తాయి. పెట్రోలు ఇటు నుంచి అటు పోయిన దారినే బియ్యం అటు నుంచి ఇటు వచ్చేవి.

మిర్యాల_మరబియ్యం
29 ఆగస్టు 2023

అన్న ఇక్కడ సంచులు లెక్కపెడుతుంటే తమ్ముడు అక్కడ అవే కొనుక్కుంటున్నాడేమో. లేగోస్‌లో బంకుల దగ్గర ఇప్పుడు 568కి కాస్త అటూ ఇటూ ఉందట. ఒప్పందం మార్చలేదు.

మిర్యాల_మరబియ్యం
28 ఫిబ్రవరి 2024

చాలా రోజులకు ఈ చర్చను పైకి తెస్తున్నాను. డాలరుకు 1,500 నైరాలు దాటింది. జీతం అదే 3 లక్షల 60 వేలు. పోయిన నెల తమ్ముడు పంపింది 19,900 రూపాయలు. కిస్తీ కడితే 1,900 మిగిలింది. అమ్మ మందులకే చాలలేదు.

కోస్గి_బస్సు
28 ఫిబ్రవరి 2024

అన్నా, ముంబయిలో మా తమ్ముడు సెంట్రింగు పనిలో నెలకు అంతకంటే ఎక్కువ తెస్తాడు. సముద్రం దాటి వెళ్ళి పాలమూరు కూలికి సమానమైతే ఎలా!

లెక్కల_సారు
28 ఫిబ్రవరి 2024

వడ్డీలు తగ్గాలన్నాడని నేనే రాశాను కదా. నిన్న అక్కడి కేంద్ర బ్యాంకు ఒకేసారి 4 శాతం పెంచి 22.75 చేసింది. ప్రమాణ స్వీకారం నాటికి 18.5. ధరల పెరుగుదల 30 శాతానికి అంగుళం దూరంలో ఉంది. నైరా జారిపోతుంటే వడ్డీ పెంచక తప్పదు, అది వేరే సంగతి. కానీ ఉపన్యాసం రాసినవాడికి ఈ రెండు హామీలూ ఒకదాన్నొకటి తన్నుకుంటాయని తెలియదా? నైరాను వదిలేస్తూ వడ్డీ తగ్గిస్తాననడం, కట్ట తెంపి చెరువు నింపుతాననడం.

డిండి_ట్రాక్టర్
28 ఫిబ్రవరి 2024

నిరుడు జూన్‌లో ‘రెండూ ఒక చోట ఆగాలి’ అన్నారు. ఆగలేదు.

లెక్కల_సారు
29 ఫిబ్రవరి 2024

ఆగలేదు. అంత దూరం పోతుందని నేనూ అనుకోలేదు. ఏడెనిమిది వందల దగ్గర నిలుస్తుందనుకున్నాను.

చౌరస్తా_చాయ్
29 ఫిబ్రవరి 2024

ఈ వేదికలో లెక్కల సారు తప్పు ఒప్పుకున్న తేదీ. నిర్వాహకుడు దీన్ని పైన అతికించాలి.

గద్వాల_జరీ
29 ఫిబ్రవరి 2024

నవ్వులు చాలు. మిర్యాల తమ్ముడూ, ఆ పిల్లవాడు అక్కడ సంపాదన కోసం ఉన్నాడా, ఉన్నాను కాబట్టి ఉన్నాడా? టికెట్ డబ్బు ఉన్నప్పుడే రమ్మను.

మిర్యాల_మరబియ్యం
29 ఫిబ్రవరి 2024

టికెట్ ఒప్పందం ముగిశాకే ఇస్తారట అక్కా. సెప్టెంబరు దాకా. ముందే వస్తే సొంతంగా కొనుక్కోవాలి. సొంతంగా అంటే మూడు నెలల జీతం.

మిర్యాల_మరబియ్యం
12 అక్టోబరు 2024

తమ్ముడు వచ్చేశాడు. బక్కచిక్కాడు కానీ బాగానే ఉన్నాడు. ఈ చర్చ మొత్తం కూర్చోబెట్టి చదివించాను. ఒక చోట నవ్వాడు, జనరేటరు పేరు దగ్గర. వాడు బయలుదేరిన వారంలోనే లేగోస్‌లో లీటరు 998 అయిందట.

కోస్గి_బస్సు
12 అక్టోబరు 2024

కనీస జీతం పెంచారని చదివాను, 70 వేలకు. రెట్టింపు కంటే ఎక్కువే కదా?

లెక్కల_సారు
12 అక్టోబరు 2024

జూలైలో పెంచారు. 70 వేలను 998తో భాగించండి. 70 లీటర్లు. ఉపన్యాసానికి ముందు 162, ఆ వారంలో 61, పదహారు నెలల తర్వాత 70. వృద్ధి 6 శాతం అన్నది 3 దగ్గర తచ్చాడుతోంది.

అయితే ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. లేగోస్ దగ్గర లెక్కిలో డాంగోటే శుద్ధి కర్మాగారం, రోజుకు 6.5 లక్షల పీపాల సామర్థ్యంతో కట్టినది, సెప్టెంబరు నుంచి పెట్రోలు తీస్తోంది. వడ్లమ్మి బియ్యం కొనే రైతు సొంతంగా మర పెట్టుకున్నాడు. సబ్సిడీ ఉన్నన్నాళ్ళూ అలాంటి మర గిట్టుబాటు కావడం కష్టం. కాబట్టి ఎత్తేయడమే తప్పని నేను ఇప్పటికీ అనను.

డిండి_ట్రాక్టర్
12 అక్టోబరు 2024

నేనూ అనలేదు సారు. మొదటి రోజు నుంచీ చూసుకోండి. అర్ధ రూపాయి చొప్పున ఎత్తేయమన్నాను.

గద్వాల_జరీ
12 అక్టోబరు 2024

తమ్ముడినే అడగండి. అక్కడ ఉన్నవాడు, ఏమంటాడు?

మిర్యాల_మరబియ్యం
13 అక్టోబరు 2024

అడిగాను. వాడు పెద్దగా ఏమీ అనలేదు. కంపెనీ వంటగదిలో వారానికి మూడు రోజులు మాంసం ఉండేది, తర్వాత ఆదివారం మాత్రమే, తర్వాత చేపలు, తర్వాత బీన్సు. డ్రైవరు మొదట బస్సులో వచ్చేవాడు, తర్వాత ఒక వైపు నడిచి ఒక వైపు బస్సు, ఈ ఏడాది రెండు వైపులా నడకేనట. యాభై కిలోల బియ్యం బస్తా అతని నెల జీతానికి అందకుండా పోయిందట. ఇంత చెప్పి ‘అన్నా, అక్కడ ఆ ఉపన్యాసం గురించి ఎవరూ మాట్లాడుకోరు, ఆ రోజు ఎన్ని డబ్బాలు నింపుకున్నారో చెప్పుకుంటారు’ అన్నాడు.

నల్లరేగడి
13 అక్టోబరు 2024

ఇప్పుడు ఏం పని చూస్తున్నాడు?

మిర్యాల_మరబియ్యం
9 జనవరి 2025

నల్లరేగడి గారి ప్రశ్నకు ఆలస్యంగా జవాబు. మా మిల్లులోనే చేరాడు, బాయిలరు దగ్గర కరెంటు పని. 22 వేలు. అక్టోబరు ఆఖరున ఉప్పుడు బియ్యం మీద సుంకం మొత్తం తీసేశారు కదా, రాత్రి పాళీ కూడా నడుస్తోంది. మొన్న సంచులు కుట్టేచోట నిలబడి ఒక సంచి మీది అక్షరాలు చదువుతున్నాడు. ఏమిట్రా అంటే ‘కొటోనౌ’ అన్నాడు.

చౌరస్తా_చాయ్
9 జనవరి 2025

వాడు రావడానికి పదకొండు వేల రూపాయల జీతం పెరగాల్సి వచ్చిందా, సారు లెక్క చూడండి.

లెక్కల_సారు
9 జనవరి 2025

పాత 19,900తో పోలిస్తే పెరిగింది 2,100. మీరు చాయ్ మీదే ఉండండి.

కోస్గి_బస్సు
9 జనవరి 2025

ఆ డ్రైవరు ఎలా ఉన్నాడు?

మిర్యాల_మరబియ్యం
10 జనవరి 2025

ఉన్నాడు. పొద్దున్నే తమ్ముడి ఫోనుకు ఆ రోజు పెట్రోలు ధర పంపుతాడు, ఒక్క అంకె, ఇంకేమీ రాయడు. డాంగోటేవాళ్ళు డిసెంబరులో కాస్త దించారని అప్పుడు మాత్రం అంకె పక్కన చేతులెత్తే బొమ్మ పెట్టాడు. మావాడు బదులుగా మిర్యాలగూడ బంకు ధర పంపుతాడు. మూడు నెలలుగా అదే 107 చిల్లర. ఇది చూసి అతను ‘మీ దగ్గర బోర్డు చెడిపోయిందా’ అని అడిగాడట.